ఎంఓటీలో కారు ఫెయిలైతే: కాగితం చదవడం దగ్గర్నుంచి రీటెస్ట్ దాకా

ఎంఓటీ అంటే కారు రోడ్డు మీద తిరగడానికి తగినట్టుందా అని బ్రిటన్‌లో ఏటా చేసే తప్పనిసరి పరీక్ష. అక్కడి లెస్టర్‌లో చదువుకుంటున్న ఖమ్మం కుర్రాడు ఒకడు మొన్న మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, ఎంఓటీ ఫెయిలైంది. మొత్తం ఆరొందల నలభై పౌండ్లు అయితదట. కట్టెయ్యమంటవా?" గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ముందు ఆ కాగితం ఫొటో తీసి పంపమన్నాను. అందులో తొమ్మిది లైన్లున్నాయి. కారు ఫెయిలవడానికి కారణమైనవి రెండే: ముందు ఎడమ చక్రం దగ్గర విరిగిన స్ప్రింగ్, వెలగని ఒక బ్రేక్ లైట్. మిగతా ఏడూ "కనిపెట్టుకుని ఉండండి" అనే సలహాలు. గ్యారేజ్ మాత్రం తొమ్మిదింటికీ కలిపి ఒకే రేటు చెప్పింది.

బ్రిటన్‌కు కొత్తగా వచ్చి పాత కారు కొన్న మనవాళ్లలో చాలామంది ఏడాదికోసారి ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు. టెస్ట్ వేరు, రిపేర్ వేరు. ఆ రెండింటినీ ఎలా విడదీసి చూడాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు వర్తిస్తుంది. నార్తర్న్ ఐర్లండ్‌లో పద్ధతి వేరు.

## 1. గడువు ముగిసే రోజు దాకా ఆగకండి

కారుకు మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏటా ఎంఓటీ చేయించాలి. గడువుకు నెల రోజుల ముందే (ఒక్క రోజు తక్కువగా) చేయించుకున్నా పాత తేదీ అలాగే ఉంటుంది. మీ సర్టిఫికెట్ మే 15తో అయిపోతుంటే ఏప్రిల్ 16 నుంచి ఎప్పుడైనా వెళ్లొచ్చు. పాసైతే కొత్త గడువు వచ్చే ఏడాది మే 15 దాకా వస్తుంది. ఒక్క రోజు కూడా నష్టపోరు.

ఈ నెల రోజులే మీ బలం. చివరి రోజు వెళ్లి ఫెయిలైతే గ్యారేజ్ చెప్పిన రేటుకు తలూపడం తప్ప దారి ఉండదు. మూడు వారాల ముందు ఫెయిలైతే నాలుగు చోట్ల రేటు అడిగే తీరిక ఉంటుంది. మిగతా మెట్లన్నీ మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

టెస్ట్ ఎక్కడ చేయించాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. కొన్ని ఊళ్లలో కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నడిపే ఎంఓటీ సెంటర్లున్నాయి. కౌన్సిల్ బళ్ల కోసం పెట్టినవే అయినా మామూలు జనం కూడా బుక్ చేసుకోవచ్చు. అక్కడ సాధారణంగా బయటివాళ్ల కార్లకు రిపేర్లు చేయరు కాబట్టి, లోపం రాస్తే వాళ్లకొచ్చే లాభం ఏమీ ఉండదు. కాకపోతే ఫెయిలైతే రిపేర్‌కు వేరే చోటికి తీసుకెళ్లి మళ్లీ అక్కడికే రావాలి. నమ్మకమైన గ్యారేజ్ ఇప్పటికే ఉంటే అక్కడే చేయించడం సులువు. లేకపోతే నేను కౌన్సిల్ సెంటర్ వైపే మొగ్గుతాను.

కారు టెస్ట్‌కు గ్యారేజ్‌లు తీసుకోగల గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. చాలా చోట్ల అంతకంటే తక్కువే. మరీ తక్కువకు చేసేవాళ్లు రిపేర్లలో రాబట్టుకోవాలని చూసే అవకాశం ఉంది. ఫీజులో మిగిలే పది పౌండ్ల కోసం గ్యారేజ్‌ను ఎంచుకోవద్దు.

## 2. ముందు రోజు ఇంటి దగ్గర పదిహేను నిమిషాలు

బల్బు, వైపరు లాంటి చిన్న విషయాలకే ఫెయిలయ్యే కార్లు ఎన్నో. వీటికి మెకానిక్ అక్కర్లేదు. పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

- హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, నంబర్ ప్లేట్ లైటు వెలుగుతున్నాయా? మీరు బ్రేక్ తొక్కుతుంటే వెనక ఒకరు నిలబడి మూడు బ్రేక్ లైట్లూ చూడాలి.
- వైపర్లు అద్దాన్ని గీతలు లేకుండా తుడుస్తున్నాయా? వాషర్ నీళ్లు నింపారా?
- హారన్ మోగుతోందా?
- సీటు బెల్టులు అన్నీ (వెనకవి కూడా) లాగితే వస్తున్నాయా, లాక్ అవుతున్నాయా?
- ముందు అద్దంలో డ్రైవరుకు ఎదురుగా 10 మిల్లీమీటర్లు మించిన పగులు ఉందా? వైపర్లు తుడిచే మిగతా భాగంలో ఈ హద్దు 40 మిల్లీమీటర్లు.
- ఫోన్ హోల్డరు, వేలాడదీసిన దండలు, దేవుడి బొమ్మలు చూపుకు అడ్డొస్తున్నాయా? టెస్ట్ రోజుకు తీసి పక్కన పెట్టండి.
- ఇంజిన్ స్టార్ట్ చేశాక డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ఆరిపోతున్నాయా? వెలుగుతూనే ఉంటే ఫెయిల్ చేస్తారు.

టైర్లకు ఇరవై పెన్నీల నాణెం వాడండి. టైరు గాడిలో నిలువుగా పెట్టినప్పుడు నాణెం చుట్టూ ఉన్న అంచు పట్టీ గాడిలో మునిగిపోతే ఫరవాలేదు. పట్టీ బయటికి కనిపిస్తోందంటే టైరు అరిగిపోయినట్టే, గేజ్‌తో కొలిపించండి. చట్టం ప్రకారం టైరు వెడల్పులో మధ్యనున్న నాలుగింట మూడు వంతుల మేర, చుట్టూరా 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలి. ఒకే చోట కాకుండా లోపలి అంచు వైపు కూడా చూడండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఉంచితే ఆ లోపలి వైపు బాగా కనిపిస్తుంది. బయటికి కొత్తగా కనిపించే టైరు లోపలి వైపు నున్నగా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో పని. గవ్.యూకే అనే ప్రభుత్వ సైట్‌లో మీ కారు నంబరు కొడితే పాత ఎంఓటీల చరిత్ర అంతా ఉచితంగా కనిపిస్తుంది. నిరుడు ఏ సలహాలు రాశారో చదవండి. ఈ ఏడాది ఫెయిలయ్యేవి చాలావరకు వాటిలోనే ఉంటాయి. కారు కొనేముందు ఇది చూసుంటే ఇంకా మంచిది.

## 3. కాగితాన్ని లైను లైనుగా చదవండి

ఫెయిలైతే వీటీ 30 అనే కాగితం ఇస్తారు. అది చేతికి రాకముందు రేటు గురించి మాట్లాడొద్దు. గ్యారేజ్ వాళ్లు ఫోన్‌లో "బ్రేకులు, సస్పెన్షన్, ఇంకా చాలా ఉన్నాయి" అన్నా సరే, "కాగితం చూసి చెబుతాను" అనండి. ఫలితం ఆన్‌లైన్‌లోనూ వచ్చేస్తుంది.

2018 మే 20 నుంచి లోపాలను తరగతులుగా రాస్తున్నారు. కాగితం మీద ఏ శీర్షిక కింద ఏం రాశారన్నదే అసలు సంగతి:

- డేంజరస్. "రిపేర్ అయ్యేదాకా నడపొద్దు" అని ఉంటుంది. ఫెయిల్.
- మేజర్. "వెంటనే రిపేర్ చేయించండి" అని ఉంటుంది. ఫెయిల్.
- మైనర్. "వీలైనంత త్వరగా చేయించండి" అని ఉంటుంది. ఇవి మాత్రమే ఉంటే పాస్.
- అడ్వైజరీ. "గమనిస్తూ ఉండండి, అవసరమైతే చేయించండి" అని ఉంటుంది. పాస్.

ఒక పెన్ను తీసుకుని మొదటి రెండు శీర్షికల కింద ఉన్నవాటికి సున్నా చుట్టండి. సర్టిఫికెట్ రావాలంటే చేయించాల్సినవి అవే.

తర్వాత ఒక్కో లైనులో మూడు విషయాలు చూడండి.

మొదటిది, ఏ వైపు. నియర్‌సైడ్ అంటే ఎడమ, పేవ్‌మెంట్ వైపు. ఆఫ్‌సైడ్ అంటే కుడి, డ్రైవర్ వైపు. ఇది తెలియకపోతే ఎడమ వైపు లోపానికి కుడి వైపు పార్టు మార్చినా గుర్తుపట్టలేరు.

రెండోది, చివర ఉండే అంకెలు. మొదటి అంకె ఏ విభాగమో చెబుతుంది: 1 బ్రేకులు, 2 స్టీరింగ్, 3 డ్రైవరు చూపు, 4 లైట్లు, 5 చక్రాలు టైర్లు సస్పెన్షన్, 6 బాడీ, 7 సీటు బెల్టుల లాంటి ఇతర పరికరాలు, 8 పొగ, చప్పుడు, లీకులు. ఎంఓటీ మాన్యువల్ ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంది. ఆ నంబరు దగ్గర చూస్తే ఎంత అరిగితే ఫెయిలో, ఎంతవరకు సలహాతో సరిపెడతారో మీకే తెలుస్తుంది.

మూడోది, మాట. సస్పెన్షన్ బుష్ (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగు) దగ్గర "ఎక్సెసివ్లీ వోర్న్" అని రాస్తే ఫెయిల్. అదే బుష్‌కు "వోర్న్ బట్ నాట్ రిజల్టింగ్ ఇన్ ఎక్సెసివ్ మూవ్‌మెంట్" అంటే అరిగింది కానీ వదులు హద్దు దాటలేదు, అది సలహా మాత్రమే. బ్రేక్ డిస్క్ గురించి "అరిగింది, కానీ బలహీనపడలేదు" అనడమూ అంతే. ఆయిల్ లీకు "నాట్ ఎక్సెసివ్" అన్నా అంతే.

టెస్ట్‌లో ఏ భాగమూ విప్పి చూడరు. ఇంజిన్ బాగోగులు, క్లచ్, గేర్‌బాక్స్ ఎంఓటీ పరిధిలో లేవు. కాబట్టి "ఎంఓటీ కోసం క్లచ్ మార్చాలి" అని ఎవరన్నా చెబితే కాగితంలో ఏ లైనో చూపించమని అడగండి.

## 4. కారు ఇప్పుడు కదిలించొచ్చా?

డేంజరస్ శీర్షిక కింద ఒక్క లైను ఉన్నా నడపకండి. గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువకు అరిగిన టైరు కూడా ఇందులోకే వస్తుంది. అలాంటి బండి నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు పడొచ్చు, డ్రైవింగ్ మీద నిషేధం కూడా రావచ్చు. అక్కడే రిపేర్ చేయించండి, లేదా రికవరీ ట్రక్కు మీద వేరే చోటికి తీసుకెళ్లండి. "వేరే గ్యారేజ్ మన వీధిలోనే ఉంది, మెల్లగా వెళ్తాను" అనుకోవద్దు.

డేంజరస్ లేదు, పాత సర్టిఫికెట్ గడువు ఇంకా ఉంది అంటే కారు తీసుకెళ్లొచ్చు. అయినా రోడ్డు మీద తిరిగే ఏ బండైనా సురక్షితంగా ఉండాలన్న నిబంధన ఉండనే ఉంది. విరిగిన స్ప్రింగ్‌తో వారాంతంలో మాంచెస్టర్ వెళ్లొద్దామనుకోవడం తప్పు.

పాత గడువు అయిపోయి ఉంటే ముందే మాట్లాడుకున్న గ్యారేజ్‌కు రిపేర్ కోసం, లేదా ముందే బుక్ చేసుకున్న టెస్ట్‌కు తప్ప నడపకూడదు. ఆ బుకింగ్ మెసేజ్ ఫోన్‌లో ఉంచుకోండి. ఎంఓటీ లేకుండా నడిపితే 1,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది.

## 5. రేటు అడిగే పద్ధతి

మనలో చాలామందికి ఇంగ్లిషులో మెకానిక్‌తో మాట్లాడటం మొహమాటం. అందుకే నోటితో కాకుండా మెసేజ్‌తో మొదలుపెట్టమంటాను. కాగితం ఫొటో, కారు నంబరు, సున్నా చుట్టిన లైన్లు ఒకే మెసేజ్‌లో రెండు మూడు గ్యారేజ్‌లకు పంపండి. నంబరుతోనే వాళ్లకు మోడల్, ఇంజిన్ తెలిసిపోతాయి.

అందులో ఇవి అడగండి:

- ఫెయిలైన ఒక్కో లైనుకు పార్టు ఎంత, లేబర్ ఎంత, విడివిడిగా.
- ఇరవై శాతం వీఏటీ (బిల్లు మీద పడే పన్ను) కలిపి చెప్పారా, కలపకుండానా?
- కంపెనీ పార్టా, వేరే తయారీదా? పార్టుకు, పనికి గ్యారంటీ ఎన్నాళ్లు?
- ఇది కోట్ అవుతుందా, ఎస్టిమేట్ అవుతుందా? కోట్ అంటే ఆ రేటుకు కట్టుబడాలి. ఎస్టిమేట్ అంటే అంచనా, మారొచ్చు.
- పని ఎప్పటికల్లా అవుతుంది?
- విప్పాక కొత్తగా ఏదైనా బయటపడితే నన్ను అడగకుండా ముట్టుకోరు కదా?

ఆఖరి ప్రశ్నకు జవాబు రాతలో తీసుకోండి. అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది అదే.

రేట్లు వచ్చాక సలహాల జాబితా మళ్లీ తెరవండి. అన్నిటినీ పక్కన పెట్టమని నేను చెప్పను. కొన్నిటిని ఇప్పుడే చేయిస్తే కలిసొస్తుంది. లెస్టర్ కుర్రాడి కారులో స్ప్రింగ్ మార్చడానికి ఎలాగూ చక్రం విప్పి స్ట్రట్ (స్ప్రింగును పట్టి ఉంచే భాగం) కిందికి దించాలి. అదే వైపు యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) లింకు కొద్దిగా వదులైందని సలహాల్లో ఉంది. ఆ లింకును ఎలాగూ ఊడదీయాలి, కాబట్టి కొత్తది వేయడానికి దాదాపు పార్టు ఖర్చే. అది చేయించమన్నాను. స్ప్రింగులు కూడా ఎడమ కుడి రెండూ కలిపే మార్చమన్నాను. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే కారు ఎత్తు, పట్టు రెండు వైపులా ఒకేలా ఉండవు. వెనక టైర్లు మాత్రం ఇంకో రెండు నెలలు వస్తాయి, చలికాలం ముందు మార్చుకోమన్నాను. కిందటి గ్యారేజ్ చెప్పిన 640 కాస్తా వేరే చోట 290కి వచ్చింది.

ఒక సలహాను మాత్రం తేలిగ్గా తీసుకోకండి: తుప్పు. ఇక్కడ చలికాలంలో మంచు కట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు అడుగున చేరి బ్రేక్ పైపుల్ని, సిల్స్‌ని (తలుపుల కింద ఉండే బాడీ భాగం) తినేస్తాయి. మన ఊళ్లో ఇరవై ఏళ్ల బండికి కూడా ఇలాంటి తుప్పు తక్కువే కాబట్టి మనకు దాని తీవ్రత అలవాటు లేదు. బ్రేక్ పైపు మీద తుప్పు అని నిరుడు సలహా రాశారంటే ఈ ఏడాది చేయించేయండి. అది బ్రేకు.

## 6. రీటెస్ట్ లెక్క

ఇక్కడ తేదీలు తప్పితే రెండోసారి పూర్తి ఫీజు కట్టాలి.

- టెస్ట్ చేసిన చోటే కారు వదిలి రిపేర్ చేయించి, 10 పనిరోజుల్లోపు రీటెస్ట్ అయితే ఫీజు లేదు. ఫెయిలైనవి మాత్రమే చూస్తారు.
- వేరే చోట రిపేర్ చేయించి, మరుసటి పనిదినం ముగిసేలోపు అదే సెంటర్‌కు తెస్తే కొన్ని లోపాలకు ఫీజు ఉండదు. లైట్లు, హారన్, అద్దాలు, వైపర్లు, సీటు బెల్టులు, నంబర్ ప్లేటు, చక్రాలు, టైర్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఫెయిలైనవి అన్నీ ఆ జాబితాలోవే అయ్యుండాలి.
- వేరే చోట రిపేర్ చేయించి 10 పనిరోజుల్లోపు అదే సెంటర్‌కు తెస్తే పాక్షిక రీటెస్ట్ ఫీజు.
- 10 పనిరోజులు దాటినా, వేరే సెంటర్‌కు వెళ్లినా మొదటి నుంచి పూర్తి టెస్ట్, పూర్తి ఫీజు.

ఒక ఎంఓటీకి ఒక్క పాక్షిక రీటెస్ట్ మాత్రమే దొరుకుతుంది. కాబట్టి ఐదు లోపాల్లో నాలుగు సరిచేసి, చూద్దాంలే అని వెళ్లొద్దు.

కారు బయటికి తీసుకెళ్లే రోజే రీటెస్ట్ స్లాట్ బుక్ చేయండి. శని ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు లెక్కలోకి రావు కానీ గ్యారేజ్‌లో ఖాళీ దొరక్క పదో రోజు దాటిపోవడం చాలామందికి జరిగింది.

## 7. ఫలితమే తప్పనిపిస్తే

ముందు రిపేర్ ఆపండి. పార్టు మార్చేశాక నిరూపించడానికి ఏమీ మిగలదు.

ఆ లోపాన్ని చూపించమని టెస్టర్‌ను మర్యాదగా అడగండి. కారును లిఫ్ట్ మీద ఉంచి టార్చి వేసి చూపించే టెస్టర్లు ఎక్కువమందే ఉంటారు. అప్పటికీ ఒప్పుకోలేకపోతే వీటీ 17 ఫారం నింపి టెస్ట్ జరిగిన 14 పనిరోజుల్లోపు ఎంఓటీలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ డీవీఎస్ఏకు పంపండి. వాళ్లు మళ్లీ పరీక్షిస్తారు. అప్పుడు పూర్తి ఫీజు కట్టాలి, మీ మాట నెగ్గితే అందులో కొంతగానీ, మొత్తంగానీ తిరిగిస్తారు.

బల్బు కోసం ఈ తిప్పలు వద్దు. వందల పౌండ్ల రిపేరు, మీ దగ్గర గట్టి కారణం ఉంటేనే వెళ్లండి.

## 8. రిపేర్ చేయించాలా, వదిలేయాలా?

బిల్లును మీరు కొన్న ధరతో పోల్చకండి. రిపేరయ్యాక అదే కారు ఇవాళ ఎంతకు అమ్ముడవుతుందో దానితో పోల్చండి. టైర్లు, బ్రేకులు, స్ప్రింగులు అయితే ఒకసారి వేయిస్తే అయిపోతుంది. సిల్స్, సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్‌లను మోసే చట్రం) దగ్గర తుప్పు పట్టి వెల్డింగ్ అవసరమైతే జాగ్రత్త. కోసి చూశాక తుప్పు ఇంకా లోపలికి ఉంటే బిల్లు పెరుగుతూ పోతుంది. అలాంటప్పుడు రాతలో పై హద్దు పెట్టించుకోండి, గ్యారేజ్ ఒప్పుకోకపోతే వదిలేయడమే మేలు.

తుక్కుకు ఇవ్వాలంటే అనుమతి ఉన్న ట్రీట్‌మెంట్ సెంటర్‌కే ఇవ్వండి, కారు ఇచ్చేసినట్టు బళ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకు తెలియజేయండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో తుక్కుకు నగదు ఇవ్వడం చట్టవిరుద్ధం. చేతిలో నోట్లు పెట్టి తీసుకెళ్తానన్న మనిషికి కారు అప్పగించొద్దు, రేపు ఆ నంబరు మీద జరిమానా వస్తే మీ ఇంటికే వస్తుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

ఒకే యాక్సిల్ (ఎదురెదురు చక్రాల జత) మీద రెండు సైజుల టైర్లు. తక్కువకు వచ్చిందని పాత టైరు వేయించుకుని రీటెస్ట్‌లో మళ్లీ ఫెయిలవుతారు. టైరు పక్కన ఉండే సైజు అంకెలు రెండు వైపులా ఒకటేనా, నిర్మాణం ఒకే రకమా, వేయించే ముందే చూడండి.

ఇంజిన్ లైటును చెరిపేయడం. కోడ్ రీడర్‌తో (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) లైటు ఆర్పేసి పంపేవాళ్లున్నారు. కారణం అలాగే ఉంటే లైటు దారిలోనే మళ్లీ వెలుగుతుంది. ముందు కోడ్ చదివించండి, అది ఏమిటో రాయించుకోండి.

చల్లటి ఇంజిన్‌తో పొగ టెస్ట్. ఊళ్లో చిన్న చిన్న ప్రయాణాలకే వాడే కారైతే టెస్ట్‌కు వెళ్లే ముందు ఇరవై, ముప్పై నిమిషాలు పెద్ద రోడ్డు మీద నడిపి వేడెక్కించి తీసుకెళ్లండి.

పాత పార్టు అడగకపోవడం. పని ఇచ్చేటప్పుడే "తీసిన పార్టు నాకు చూపించండి" అని చెప్పండి. ఒకసారి నా కారుకు బ్రేక్ ప్యాడ్లు మార్చామని బిల్లు వేశారు. మూడు నెలలకే చక్రం విప్పితే అడుగంటిన ప్యాడ్లు కనిపించాయి. అడిగి ఉంటే ఆ రోజే తేలేది. ప్యాడ్ మందం 1.5 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఫెయిల్ అని గుర్తుంచుకుని మిగిలింది ఎంతో కొలిపించండి.

పని సరిగ్గా లేకపోయినా ఊరుకోవడం. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం పని తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలి. చేయకపోతే అదనపు డబ్బు తీసుకోకుండా సరిచేయమని అడిగే హక్కు మీకుంది. మెసేజ్ రూపంలో, తేదీతో, ఫొటోతో అడగండి. గ్యారేజ్ మోటార్ ఆంబుడ్స్‌మన్ (బళ్ల గొడవలు తేల్చే సంస్థ)లో సభ్యత్వం ఉన్నదైతే అక్కడికి వెళ్లొచ్చు. లేకపోతే సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ వాళ్లు దారి చెబుతారు.

## 10. పాసయ్యాక అదే రోజు

- ఆన్‌లైన్‌లో పాస్ అని నమోదైందా, మైలేజీ సరిగ్గా ఎక్కించారా చూడండి. ఒక అంకె తప్పు పడితే రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అనుమానిస్తారు. తప్పుంటే వెంటనే టెస్ట్ చేసిన చోట చెప్పండి.
- బిల్లు, గ్యారంటీ వివరాలు ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.
- గవ్.యూకేలో ఉచిత ఎంఓటీ రిమైండర్ పెట్టుకోండి.
- మిగిలిన సలహాలను ఫోన్ క్యాలెండర్‌లో నెలల వారీగా వేసుకోండి: టైర్లు అక్టోబరు, డిస్కులు జనవరి జీతం తర్వాత, ఇలా.

లెస్టర్ కుర్రాడు వెనక టైర్లకు సెప్టెంబరు అని పెట్టుకున్నాడు. పార్ట్‌టైమ్ డబ్బులు అప్పటికి చేతికొస్తాయట.